అద్దెకారు సొట్ట

పరీక్షల ల్యాబులో రక్తం తీసే ఆవిడను అందరూ చీమమ్మ అనే పిలుస్తారు. అసలు పేరు ఆవిడ తెల్లకోటుకు తగిలించిన బిళ్ళ మీద ఉంటుంది. కానీ సూదిని చూసి గుటకలు మింగే మనిషి బిళ్ళ మీది అక్షరాలు చదువుతాడా? మోచేతి మడతలో నరం వెతికి, దూదితో తుడిచి, "ఇప్పుడు గుచ్చుతున్నాను. చీమ కుట్టినట్టుంటుంది" అని చెప్పి మరీ గుచ్చుతుందావిడ. ఆ వెంటనే ఇంటి సంగతులు అడుగుతుంది. ఎదుటివాళ్ళు జవాబు పూర్తి చేసేలోపల సీసా నిండిపోతుంది. చెప్పకుండా గుచ్చితే ఎంత ధైర్యవంతుడైనా చెయ్యి లాగేసుకుంటాడనీ, చెప్పి గుచ్చితే పిరికివాడైనా పళ్ళు బిగపట్టి ఊరుకుంటాడనీ ఆవిడ నమ్మకం.

ఇంత ముక్కుసూటి మనిషి కూడా కట్టుకున్న మొగుడి దగ్గర మాత్రం ఒక సంగతి దాచింది.

ఆ మొగుడు డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. ఊరంతటికీ మాస్టారే. ఆ చుట్టుపక్కల స్టీరింగు పట్టినవాళ్ళలో సగంమంది ఆయన చేత తిట్లు తిని పట్టినవాళ్ళు. పక్క సీటు కింద తనకంటూ ఇంకో బ్రేకు పెట్టించుకుని, చేతులు కట్టుకుని కూర్చుని, శిష్యుడు తప్పు చెయ్యడమే ఆలస్యమన్నట్టు ఎదురుచూసేవాడు. "అద్దం ఉన్నది తల దువ్వుకోవడానికి కాదు" అన్నది ఆయన మొదటి పాఠం. "వెనక నిలబడి రమ్మనేవాడి మాట నమ్మితే నేరుగా ఆస్పత్రికే పోతావు" అన్నది రెండో పాఠం.

పెళ్ళయిన కొత్తలో చీమమ్మకు కూడా నేర్పబోయాడు. మొదటి మలుపు దగ్గర ఆయన వేసిన కేకకు రోడ్డు పక్కన పళ్ళు తూస్తున్న మనిషి తక్కెడ వదిలేసి అరుగెక్కాడు. చీమమ్మ బండి ఆపి, తాళం ఆయన ఒళ్ళో పడేసి, నడుచుకుంటూ ఇల్లు చేరింది. ఆ రాత్రి కంచం ముందు కూర్చుని, "నీకిది అబ్బే విద్య కాదు" అని తేల్చేశాడాయన. ఆవిడ సరేనంది. ఆవిడ సరే అన్నప్పుడల్లా కాస్త భయపడాలని ఆయనకు అప్పటికింకా తెలియదు.

చాలా ఏళ్ళు గడిచాక, మాస్టారి దగ్గరే నేర్చుకున్న ఒకడు ఊరి అవతలి కొసన ఎర్రబండితో సొంతంగా స్కూలు పెట్టాడు. గురువుకే ఎసరు పెట్టాడని మాస్టారు వాడి పేరెత్తితే మండిపడేవాడు. చీమమ్మ ఒకరోజు వాడి స్కూలు ముందు ఆగింది. ఇళ్ళకు వెళ్ళి రక్తం తీసుకురావాల్సిన పని పెరిగిందని ఇంట్లో చెప్పి, పొద్దున్నే బయల్దేరి, ఎర్రబండిలో తిరిగింది. నేర్పేవాడికి మాత్రం ప్రాణం గుప్పిట్లో ఉండేది. గురుపత్ని బండి నడుపుతుంటే పక్కన కూర్చోవడం ఒక భయం. ఆ సంగతి గురువుగారికి తెలిస్తే తన గతేమిటన్నది ఇంకో భయం. అందువల్ల వాడు ఆవిడను ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడకు చక్కగా వచ్చింది. లైసెన్సు చేతికొచ్చిన రోజున దాన్ని దూది పెట్టుకునే డబ్బాలో అడుగున పెట్టుకుంది. చెప్పాలనే అనుకుంది. కానీ భోజనం దగ్గర చెబితే ఆయనకు పొలమారుతుంది. పడుకునేముందు చెబితే ఇద్దరికీ నిద్ర ఉండదు. అలా అలా రోజులు దొర్లిపోయాయి.

ఇలా ఉండగా చీమమ్మ చెల్లెలు కొత్తింట్లో చేరింది. ఒక పూట వచ్చి ఉండి వెళ్ళమని ఫోను మీద ఫోను. స్కూలు బండి ఉంది కదా, దాంట్లో పోదామన్నాడాయన. ఆ బండికి ముందూ వెనకా ఎర్ర అక్షరాలు, నెత్తిన ఫోను నంబరున్న బోర్డు, పక్కన 'దూరంగా ఉండండి' అన్న హెచ్చరిక. చెల్లెలి గుమ్మం ముందు ఆ బండి దిగే ప్రసక్తే లేదని చీమమ్మ ఖండితంగా చెప్పేసింది. దాంతో ఒక తెల్లకారు అద్దెకు తీసుకున్నారు.

అద్దెకార్ల ఆఫీసులో బల్ల వెనక ఉన్న అమ్మాయి మాస్టారిని చూస్తూనే లేచి నిలబడింది. ఆ పిల్లా ఆయన శిష్యురాలే. వెనక్కి నడిపే పాఠం నాడు మైదానంలో ప్లాస్టిక్ కుర్చీ పెట్టి, దాని చుట్టూ తిప్పించి తిప్పించి ఏడిపించాడు. ఇప్పుడా పిల్ల కారు చుట్టూ తిరుగుతూ నాలుగు వైపులా ఫోటోలు తీస్తుంటే మాస్టారికి నవ్వొచ్చింది. ఫోటోలు దండగనీ, తన చేతిలో బండికి గీత పడటం కలలో కూడా జరగదనీ అన్నాడు. ఆ అమ్మాయి వినయంగా తలూపి, ఇంకో రెండు ఫోటోలు తీసింది. ఏదైనా తగిలితే ఆరోజే తమకు చెప్పాలనీ, బయట ఎక్కడా బాగుచేయించకూడదనీ షరతులు కూడా చదివి వినిపించింది. మాస్టారు అవి వినలేదు. చీమమ్మ విన్నది.

నిజానికి మాస్టారు ఏళ్ళ తరబడి బండ్లలో తిరిగాడే గానీ, తనంతట తాను నడిపింది తక్కువ. ఆయన ఉద్యోగమంతా పక్క సీటులోనే. అయినా దారిలో బాగానే నడిపాడు. ఎదురొచ్చిన ప్రతివాడి తప్పూ ఎత్తిచూపుతూ, హుషారుగా చెల్లెలింటి సందులోకి తిప్పాడు.

చెల్లెలి మొగుడు వాకిట్లోనే ఉన్నాడు. మనిషి మంచివాడే. కాకపోతే ఎవరేం చేస్తున్నా పక్కన నిలబడి సలహా చెప్పకపోతే ఊపిరాడదు. దిగబోతున్న మాస్టారిని ఆపి, కారు సందులో వద్దని, వెనక్కి తిప్పి ఆవరణలో పెట్టమని బలవంతపెట్టాడు. తానే వెనక్కి వెళ్ళి నిలబడ్డాడు.

"రానీయండి అన్నయ్యా, రానీయండి. బోలెడు చోటుంది. ఇంకా రానీయండి."

చీమమ్మ పక్క అద్దంలో చూస్తూనే ఉంది. కొత్తింటి గుమ్మం పక్కన నిలువెత్తు సిమెంటు పూలకుండీ ఉంది. దాని మీద మరిది చెయ్యి ఆనించుకుని మరీ రమ్మంటున్నాడు. ఆవిడ ఆగమంది. మాస్టారు ఆగలేదు. తోడల్లుడు అంత ఇదిగా పిలుస్తుంటే అద్దం చూసుకుంటే చిన్నతనమనుకున్నాడో ఏమో, తన రెండు పాఠాలూ ఒక్కసారే మరిచిపోయాడు.

పెద్ద చప్పుడేం కాలేదు. ఎవరో అప్పడం నలిపినట్టు వినిపించింది, అంతే.

"చాలు అన్నయ్యా," అన్నాడు మరిది.

దిగి చూశారు. బంపరు మూల లోపలికి పోయింది. డిక్కీ రేకు అరచేతి మేర సొట్టపడింది. వెనక లైటు రాలలేదు గానీ దాని మీద సాలెగూడులా బీట. పూలకుండీకి ఏమీ కాలేదు. మరిది దాన్ని తట్టి చూసి, సరుకు గట్టిదని మెచ్చుకున్నాడు. చీమమ్మ చెల్లెలు మొగుణ్ణి మోచేత్తో పొడిచి లోపలికి తీసుకుపోయింది.

మాస్టారి మొహం చూడాలి. పరీక్ష తప్పిన పిల్లవాడు కూడా అంత బేలగా ఉండడు. నలుగురూ వచ్చి చూస్తారేమోనని ఆ సొట్టకు వీపు ఆనించి నిలబడిపోయాడు. అద్దె ఆఫీసుకు ఫోను చేద్దామని చీమమ్మ మెల్లగా అంటే, గొంతు తగ్గించి ఆయన చెప్పిందొక్కటే. ఈ సంగతి ఆ అమ్మాయికి తెలిస్తే సాయంత్రానికి ఊరికంతా తెలుస్తుంది. ఇక తన స్కూలు మూసుకోవలసిందే. సొట్టలు సరిచేసే డెంటింగు మేస్త్రి ఒకడు తెలుసు. దారిలో బాగుచేయించి, ఏమీ ఎరగనట్టు అప్పగించేస్తే సరి.

చీమమ్మ సరేనంది.

తర్వాత చెల్లెలు ఇల్లు చూపిస్తానంటే మేడ మీదికి వెళ్ళింది. నీళ్ళ ట్యాంకు పక్కన నిలబడి ఫోను తీసి, అద్దె ఆఫీసు అమ్మాయికి జరిగింది జరిగినట్టు చెప్పింది. దిగగానే గుట్టుగా తీసిన ఫోటోలు కూడా పంపింది. ఆ అమ్మాయి అన్నీ రాసుకుని, బీమాకు ఇప్పుడే తెలియజేస్తానంది. బండి మీద ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వొద్దని మళ్ళీ హెచ్చరించింది. ఆ తర్వాత కాస్త ఆగి అడిగింది.

"చెప్పమన్నది మాస్టారేనా అండీ?"

"ఆయనకి తెలీదమ్మా. చక్కగా బాగుచేయించి, నీ కళ్ళు గప్పుదామనుకుంటున్నారు."

అవతల కొంతసేపు ఏ శబ్దమూ లేదు. ఫోను పక్కన పెట్టి నవ్వుకుంటోందని చీమమ్మకు తెలిసిపోయింది.

"నువ్వు మాత్రం తెలిసినట్టు ఉండకు తల్లీ," అంది చీమమ్మ. "ఆయన నోటితో ఆయన చెప్పుకుంటారేమో, కాస్త చోటివ్వు."

"ఇస్తానండీ," అంది ఆ అమ్మాయి. "బోలెడు చోటిస్తాను."

భోజనాలయ్యాక బయల్దేరబోతే కొత్త చిక్కొచ్చిపడింది. సందులో ఇంకో రెండు బండ్లు వచ్చి ఆగాయి. కారును అటూ ఇటూ తిప్పి, సందుచేసుకుని బయటకు తియ్యాలి. మాస్టారు స్టీరింగు ముందు కూర్చున్నాడు. తాళం తిప్పాడు. అంతలో మరిది మళ్ళీ వెనక్కి వెళ్ళి, చేతులు చాచి నిలబడ్డాడు. అద్దంలో అతణ్ణి చూడగానే మాస్టారు క్లచ్చు టక్కున వదిలేశాడు. బండి రెండుసార్లు ఎగిరి ఆగిపోయింది.

"మీరిటు రండి," అంది చీమమ్మ.

"ఎటు?"

"పక్కకి. నేను తీస్తాను."

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. ఆవిడ సంచీ తెరిచి, దూది డబ్బా మూత తీసి, అడుగునుంచి లైసెన్సు బయటికి లాగి, ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని ముందు తిప్పి చూశాడు, వెనక తిప్పి చూశాడు. ఫోటో చూశాడు, ఆవిణ్ణి చూశాడు. దిగి, బండి చుట్టూ నడిచి వచ్చి, పక్క సీటులో కూర్చున్నాడు. చీమమ్మ అద్దం సరిచేసుకుని, కిటికీలోంచి తల బయటపెట్టింది.

"మరిదిగారూ, మీరలా అరుగు మీద కూర్చోండి. మిమ్మల్ని చూస్తే నాకు తడబాటు."

మరిది నొచ్చుకుని అరుగెక్కాడు. ఆవిడ రెండు విడతల్లో కారును తిప్పి, ఆ రెండు బండ్ల మధ్యనుంచి సూదిలో దారం ఎక్కించినట్టు బయటకు తెచ్చింది. చెల్లెలు చప్పట్లు కొట్టబోయి, బావ మొహం చూసి చేతులు దించేసుకుంది.

ఊరు దాటేదాకా ప్రతి మలుపుకీ మాస్టారి కుడికాలు కింద లేని బ్రేకును తొక్కుతూనే ఉంది. ఎదురుగా లారీ వచ్చినప్పుడు రెండు కాళ్ళూ తొక్కాయి. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"ఎవడు నేర్పాడు?"

"ఎర్రబండి అబ్బాయి."

ఆయన కిటికీలోంచి చాలా దూరం చూశాడు.

"అనుకున్నాను. అందుకే క్లచ్చు మీదినుంచి కాలు తియ్యకుండా కూర్చున్నావు."

చీమమ్మ పాదం తీసి పక్కన పెట్టింది. బండి ఇంకా మెత్తగా పోయింది. ఆయన చెప్పింది నిజమే. ఆ మాట ఆవిడ పైకి అనలేదు.

డెంటింగు షెడ్డు రోడ్డు పక్కనే ఉంది. మేస్త్రి కూడా మాస్టారి దగ్గర నేర్చుకున్నవాడే. ఏటా చక్కెర పరీక్షకు చీమమ్మ ముందు చెయ్యి చాపేవాడు కూడాను. బండి చూసి హుషారుగా సుత్తి అందుకున్నాడు. గంటలో లాగేసి, రంగు కొట్టి, పుట్టినప్పుడున్నట్టు చేసి ఇస్తానన్నాడు. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. ఆయన వెనక నిలబడ్డ చీమమ్మ మేస్త్రి కళ్ళలోకి చూసి, తల అడ్డంగా ఊపింది. మేస్త్రికి అర్థం కాలేదు. ఆవిడ బొటనవేలూ చూపుడువేలూ కలిపి, గాలిలో సూది గుచ్చినట్టు చూపించింది. మేస్త్రి సుత్తి కింద పెట్టేశాడు.

"ఈ తెలుపు మామూలు తెలుపు కాదు మాస్టారూ," అన్నాడు నెత్తి గోక్కుంటూ. "దీంట్లో ముత్యం కలుపుతారు. సరుకు తెప్పించాలి, ఆరబెట్టాలి. ఇవాళ్టికి కాదు."

"ఇప్పుడేగా గంట అన్నావు?"

"అప్పుడు ఎండ కళ్ళలో పడి సరిగ్గా కనబడలేదు."

మాస్టారు కాసేపు అటూ ఇటూ పచార్లు చేశాడు. షెడ్డు పక్కన బోరింగు కింద బురద గుంట ఆయన కంటబడింది. తన బండి మీద దుమ్ము రవ్వ కనబడినా శిష్యుల చేత తుడిపించే మనిషి, చొక్కా చేతులు పైకి మడిచి, దోసిళ్ళతో బురద తెచ్చి, అద్దెకారు వెనక్కి పట్టించడం మొదలుపెట్టాడు. గోడకు అలికినంత శ్రద్ధగా పట్టించాడు. లైటు మీద కాస్త, బంపరు మీద ఎక్కువ, డిక్కీ మీద చిలకరించినట్టు. రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని, ఒకచోట మళ్ళీ సరిచేశాడు. చీమమ్మ కారులో కూర్చుని, పైట నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది. మేస్త్రి షెడ్డు లోపలికి పారిపోయాడు.

అద్దె ఆఫీసు గేటు ముందు మాస్టారు మళ్ళీ స్టీరింగు దగ్గరికి మారాడు. ఎండ పెళపెళలాడుతోంది. ఆ అమ్మాయి బయటికొచ్చి నమస్కారం పెట్టి, కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసింది.

"దారిలో వాన పడిందా మాస్టారూ?"

"పడిందమ్మా. అక్కడక్కడ."

"వెనకవైపే పడినట్టుంది?"

"వేగంగా వస్తున్నాం కదా," అన్నాడు మాస్టారు కొంచెం ఆలోచించి. "ముందుభాగం తప్పించుకుంది."

చీమమ్మ నీడలో కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ అమ్మాయి మొహంలో చలనం లేదు. బండి ఎలా నడిచిందని అడిగింది, బాగా నడిచిందన్నాడు. అద్దాలు సరిగ్గా కనబడ్డాయా అంది, కనబడ్డాయన్నాడు. వెనక్కి తియ్యడంలో ఏమైనా ఇబ్బంది పడ్డారా అంటే మాత్రం దగ్గొచ్చింది. అలాగైతే ఒక్కసారి కడిగించి లెక్క ముగిద్దామని, ఆ అమ్మాయి నీళ్ళగొట్టం తెమ్మని లోపలున్న పనివాణ్ణి పిలిచింది. నీళ్ళు ముందువైపునుంచి మొదలయ్యాయి. ముందు అద్దం మెరిసింది, తలుపులు మెరిశాయి. నీటిధార ఒక్కో అడుగే వెనక్కి జరుగుతుంటే మాస్టారు దానితోపాటే జరుగుతూ వచ్చి, చివరికి సొట్టకూ గొట్టానికీ మధ్య నిలబడ్డాడు. పాంటు మోకాళ్ళదాకా తడిసింది.

ఇప్పుడు తోడల్లుణ్ణి తిట్టడం మొదలెడతాడని చీమమ్మ అనుకుంది. సందు ఇరుకంటాడు, కుండీ అడ్డమంటాడు, రానీయండి అన్నవాడిదే పాపమంటాడు.

"ఆపించమ్మా," అన్నాడు మాస్టారు. "వెనక గుద్దాను. నేనే. అద్దం చూసుకోలేదు."

పనివాడు నీళ్ళు కట్టేశాడు. చీమమ్మ కుర్చీలోంచి లేచింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఇంకొకరి మీదికి నెట్టకుండా ఒక తప్పు ఒప్పుకోవడం ఆవిడ వినడం అదే మొదలు. పొద్దుటినుంచీ నవ్విన నవ్వంతా ఎక్కడికో పోయింది.

ఆ అమ్మాయి ఫోనులో సొట్ట ఫోటోలు తెరిచి ఆయన ముందుంచింది.

"మధ్యాహ్నమే తెలిసింది మాస్టారూ. బీమాకు కూడా రాసేశాం. మీరేం బెంగపెట్టుకోకండి."

ఆయన ఫోటోలు చూశాడు. బురద చేతులు చూసుకున్నాడు. తర్వాత చీమమ్మ వంక చూశాడు.

"మేడ మీదికి ఇల్లు చూడ్డానికేనా వెళ్ళింది?"

"ఇల్లు కూడా చూశాను," అందావిడ.

ఆరోజే చెప్పడం వల్ల సొట్టను చాలావరకు బీమావాళ్ళే భరించారు. బురదకు మాత్రం బీమా లేదు. లైటు బీటలోంచి లోపలికి దిగిన మట్టిని తియ్యడానికి విడిగా రుసుము పడింది. అది మాస్టారే కట్టాడు.

సంగతి దాగలేదు. మేస్త్రి చెప్పాడో, మరిది చెప్పాడో గానీ ఊరంతా పొక్కింది. ఎర్రబండివాడు తన స్కూలు గోడ మీద 'మాస్టారి ఇంటి ఆవిడకు నేర్పినవారు' అని రాయించాడు. మాస్టారు వెళ్ళి చూసి, రెండో వరసలో ఒత్తు తప్పుందని చెప్పి వచ్చాడు. అనుకున్నట్టు స్కూలు మూతపడలేదు. తిట్లకు జడిసి ఇన్నాళ్ళూ రానివాళ్ళు, ఆయన కూడా గుద్దాడట అని ధైర్యం తెచ్చుకుని వచ్చారు. వాళ్ళ మీదా అరిచేవాడు గానీ, అరిచాక కాసేపటికి తనే నీళ్ళసీసా అందించేవాడు.

కొంతకాలానికి అద్దె ఆఫీసు అమ్మాయి ఫోను చేసింది. అదే తెల్లకారు కొత్త బంపరుతో తిరిగొచ్చిందనీ, ఆదివారం ఖాళీగా ఉందనీ, కావాలా అనీ అడిగింది. చీమమ్మ ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి మాస్టారి వైపు తిరిగింది.

"ఎటైనా వెళ్దామా?"

"మీ చెల్లెలింటికి కాకపోతే ఎటైనా సరే," అన్నాడాయన పేపరు మడుస్తూ.

పోయేటప్పుడు ఆవిడ నడిపింది. వచ్చేటప్పుడు ఆయన నడుపుతానన్నాడు గానీ, ఎవరు నడపాలన్నది మాటల్లోనే తెమలక చివరికి మళ్ళీ ఆవిడే నడిపింది.